తల పంకించింది అంటే అవుననా, కాదనా?

మొదటి పోస్టు:
అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులో ఆస్పత్రులకు వచ్చే తెలుగు పెద్దవాళ్లకు దుబాసీగా పనిచేస్తాను. పోయిన నెల ఒక వార్డులో డెబ్బై దాటిన పెద్దావిడ ఉన్నారు. నర్సు మాత్ర చూపించి, వేసుకుంటారా అని అడిగింది. నేను నోరు విప్పేలోపే ఆవిడ ముఖం ఎదురుగానే ఉంచి, తలను ఈ భుజం మీదికోసారి, ఆ భుజం మీదికోసారి వాల్చారు. "సరేలేమ్మా, ఇవ్వు" అన్నట్టు. నర్సు మాత్రం చీటీ మీద 'వద్దన్నారు' అని రాసేసింది. పక్కనే ఉన్నాను గనక దిద్దించగలిగాను. నేను రావడం ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ రాత్రి ఆవిడకు మందు పడేది కాదు.

ఇంటికొచ్చి ఆ సంగతి డైరీలో రాసుకోబోతే నాకే మాట దొరకలేదు. 'తల ఊపింది' అంటే పైకీ కిందికీ అనుకుంటారు. 'అడ్డంగా ఊపింది' అంటే కాదన్నట్టే. 'తల పంకించింది' అనొచ్చా? ఇంతకీ పంకించడం అంటే ఎటు?

వ్యాఖ్య:
పంకించు అంటే కదలించు, ఊచు, అంతేనండీ. ఎటు అన్నది ఆ క్రియలో లేదు, వాడుకలోనే ఉంది. పాట విని మెచ్చుకుంటూ తల పంకిస్తాం, ఎదుటివాడి మాటలో నిజముందనిపిస్తే ఆలోచిస్తూ పంకిస్తాం. 'వద్దని తల పంకించాడు' అని నేనైతే రాయను, చెవికి తప్పుగా వినిపిస్తుంది. 'తలాడించు'ది ఇంకో దారి. అడిగినదానికల్లా ఎందుకని అడక్కుండా ఒప్పేసుకునేవాణ్ణి గంగిరెద్దులా తలాడిస్తాడంటాం. అందులో కాస్త చిన్నచూపు ఉంది కాబట్టి మీ పెద్దావిడ విషయంలో వాడకండి.

వ్యాఖ్య:
అమ్మా, నేను కూచిపూడి నేర్పుతాను. మీరు వెతుకుతున్న కదలికకు మా దగ్గర పేరుంది. తలకు నాట్యశాస్త్రం పదమూడు కదలికలు చెప్పింది. నందికేశ్వరుడి అభినయదర్పణం తొమ్మిది చెప్పింది: సమం, ఉద్వాహితం, అధోముఖం, ఆలోలితం, ధుతం, కంపితం, పరావృత్తం, ఉత్క్షిప్తం, పరివాహితం. మీకు కావలసినవి మూడు.

ధుతం అంటే ఎడమకూ కుడికీ తిప్పడం. దాని వినియోగాల్లో మొట్టమొదటిదే 'నాస్తీతి వచనే', లేదు అని చెప్పడం. కంపితం పైకీ కిందికీ. ఇది చూసి చాలామంది ఆశ్చర్యపోతారు: అక్కడ కంపితానికి చెప్పిన పనుల్లో కోపం ఉంది, 'ఆగు' అనడం ఉంది, ప్రశ్న ఉంది, పిలుపు ఉంది, బెదిరింపు ఉంది. 'అవును' లేదు! ఒప్పుకోలు పరివాహితంలో ఉంది. వింజామర వీచినట్టు పక్కలకు కదిలించే తల అది. 'మోహే చ విరహే స్తోత్రే సంతోషే చానుమోదనే' అన్నారు. అనుమోదనం అంటే సరేననడమే కదా. మీ పెద్దావిడ వార్డులో చేసింది అదే.

పిల్లలు మొదట్లో ధుతాన్నీ పరివాహితాన్నీ కలిపేస్తారు. వాళ్ల ముక్కు కొనమీద వేలు పెట్టి చెబుతాను: ముక్కు పక్కలకు తిరిగితే ధుతం. ముక్కు ఎదుటే ఉండి చెవులు భుజాల వైపు పోతే పరివాహితం. నాలుగు రోజుల్లో పట్టుకుంటారు.

వ్యాఖ్య:
మాస్టారూ, మీ ముక్కు గుర్తు నాకు భలే పనికొచ్చింది. నేను చెవి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. లోపలి చెవిలో అర్ధవృత్తాకార నాళాలు మూడున్నాయి, ఒకదానికొకటి దాదాపు లంబంగా. మూడూ కలిసి తల ఎటు తిరిగినా పసిగడతాయి: పైకీ కిందికీ, ఎడమకూ కుడికీ, భుజాల వైపు వాలడం. ఇంగ్లీషువాళ్లు అవును, కాదులకు మొదటి రెండే వాడుకుంటారు. మనం మూడోదానికీ పని చెప్పాం. నర్సుకు ఆ మూడోది తెలియదు కాబట్టి, తనకు తెలిసిన 'కాదు'లో కలిపేసుకుంది.

ఆ నాళాలు ఎంత పని చేస్తాయో ఇప్పుడే చూడండి. అరచేయి ముఖం ముందు పెట్టి చేతిని వేగంగా ఊపితే గీతలు అలుక్కుపోతాయి. చేతిని కదలనివ్వక అంతే వేగంగా తలను ఊపండి, గీతలు కనిపిస్తూనే ఉంటాయి. తల ఎటు కదిలితే దానికి వ్యతిరేక దిశలో కళ్లను తిప్పమని చెవి నుంచి కబురు వెళుతుంది మరి.

ఇంకొకటి. 1872లో డార్విన్ ఒక ఊహ చెప్పాడు: పాలు వద్దనుకున్న పసివాడు ముఖం పక్కకు తిప్పుకుంటాడు, కావాలంటే ముందుకు వంగుతాడు, కాదు, అవునులకు మూలం అదే కావచ్చునని. మన అమ్మలందరూ చూసిందే. కానీ గ్రీసులో తల వెనక్కి ఎత్తితే కాదని, బల్గేరియాలో పైకీ కిందికీ ఊపితే కాదని. పసితనంలో పుట్టిందే అయినా తర్వాత ఊరూ భాషా తమకు కావలసినట్టు మలుచుకుంటాయన్నమాట.

అసలు తల ఊపు మాటకు తోకలాంటిదనుకోవడం కూడా తప్పే. 2004లో కెవిన్ మన్‌హాల్ అనే పరిశోధకుడి బృందం జపాను భాష మాట్లాడేవాళ్లకు రొదలో వాక్యాలు వినిపించి, కంప్యూటరు బొమ్మ ముఖాన్ని చూపించింది. మాట్లాడేవాడి తల కదిలినట్టే బొమ్మ తల కూడా కదిలినప్పుడు వాళ్లు ఎక్కువ అక్షరాలు సరిగ్గా పట్టుకోగలిగారు. గొంతు హెచ్చుతగ్గులతో పాటు తల కూడా కదులుతుంది, చూసేవాళ్లకు ఆ కదలిక వినడంలో సాయపడుతుంది.

మొదటి పోస్టు పెట్టినవారు:
అందరికీ చేతులెత్తి నమస్కారం. డైరీలో 'సరేనన్నట్టు తల పక్కలకు వాల్చి పంకించారు' అని రాసుకున్నాను. పరివాహితం మంచి మాటే గానీ వార్డులో ఎవరికీ తెలియదు. 'పంకించారు' ఒక్కటే రాస్తే ఎటో తెలియదు, అందుకే 'పక్కలకు వాల్చి' కలిపాను.

రేపు డ్యూటీకి వెళ్లేటప్పుడు నర్సులకు ఒక అట్టముక్క మీద మూడు ముఖాలు గీసి పట్టుకెళ్తున్నాను. మూడో ముఖానికి ముక్కు ఎదురుగా, చెవి భుజం వైపు. కింద ఇంగ్లీషులో 'సరే' అని పెద్ద అక్షరాలతో రాశాను.