సైకిల్ రిమ్ము మీద గాడి అరిగిపోయింది, ఇంకా తొక్కవచ్చా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. రోజూ తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు సైకిల్ తొక్కుతాను. అల్యూమినియం రిమ్ములు, వాటిని పట్టుకునే వి-బ్రేకులు. కొని ఏడేళ్లయింది.

మొన్న వానలో తడిసొచ్చి చక్రాలు తుడుస్తుంటే చూశాను. బ్రేకు రబ్బరు రాసుకునే చోట రిమ్ము చుట్టూ సన్నటి గాడి ఉంటుంది కదా, వెనక చక్రానికి అది దాదాపు మాయమైంది. వాల్వు దగ్గర మాత్రమే గోరుకు కాస్త తగులుతోంది. స్టీలు స్కేలు నిలువుగా ఆనిస్తే మధ్యలో సందు కనిపిస్తోంది. అంటే రిమ్ము గోడ లోపలికి గుంట పడింది. రబ్బర్లలో ఇసుక, చిన్న అల్యూమినియం తునక కూడా దొరికాయి, పిన్నుతో తీసేశాను.

ఆ గాడి పోతే రిమ్ము మార్చాలని గుర్తు. గోడ పలచబడితే గాలి ఒత్తిడికే చీలిపోవచ్చు. మా వీధిలో మెకానిక్ అన్న మాత్రం "రబ్బర్లు మారిస్తే చాలు తమ్ముడూ" అంటున్నాడు. ఆయన పనంటే నాకు గౌరవమే, కానీ ఈసారి మనసు ఒప్పుకోవడం లేదు. సాయంత్రాలు వెనక సీటు మీద మా పాప కూర్చుంటుంది, అందుకే టెన్షన్.

చక్రం మధ్యలో ఉండే పాత హబ్బుకే కొత్త రిమ్ము వేసి, స్పోకులు అల్లి, బెండు లేకుండా తీసేవాళ్లు విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఉన్నారా? పాత స్పోకులు మళ్లీ పనికొస్తాయా? ముందు చక్రానికి గాడి బాగానే ఉంది. దాన్ని అలాగే ఉంచవచ్చా? చేయించుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.