చెక్ పేర్లన్నీ స్లావిక్ పేర్లేనా?

నుడికారి:
చెక్ పేరంటే స్లావిక్ (రష్యన్, పోలిష్, చెక్ భాషల కుటుంబం) పేరేనని ఇక్కడ అందరూ రాసేస్తున్నారు. ఆ దేశంలో దశాబ్దాలుగా మగవాళ్లలో ఎక్కువగా వినిపించేవి యిర్జీ, యాన్, పెత్ర్. మొదటిది గ్రీకు గేయోర్గియోస్, రెండోది హీబ్రూ యోహానాన్, మూడోది మళ్లీ గ్రీకే. స్లావిక్ ఎక్కడుంది ఇందులో?

పాతఅక్షరం:
వాత్స్‌లఫ్, యారొస్లఫ్, బొహుమిల్ లాంటివాటిని వదిలేసి లెక్క చెప్తే ఎలా? ఇవి రెండు ముక్కలు అతికిన పేర్లు. వాత్స్‌లఫ్ పాత రూపం వెత్సెస్లవ్: ముందుది ‘ఎక్కువ’, వెనకది ‘కీర్తి’. ఆ ముందు ముక్కలో ఒకప్పుడు అనునాసికం ఉండేది. చెక్‌లో పోయింది, జర్మన్ వెంట్సెల్‌లో మిగిలింది. మన భారతంలో భూరిశ్రవుడు లేడూ? భూరి అంటే ఎక్కువ, శ్రవస్సు అంటే కీర్తి. శ్రవస్సుదీ ఈ ‘స్లవ్’ ముక్కదీ ఒకే ధాతువు. అలాగే బొహ్‌దన్ అంటే దేవుడిచ్చినవాడు, మన భగదత్తుడే.

గోదారిగట్టు:
పేపర్లలో ‘వాక్లావ్’ అని కదండీ రాస్తారు?

పాతఅక్షరం:
తప్పు. అక్కడి ‘సి’ అక్షరం ‘క’ కాదు, మన ‘చాలు’, ‘చాప’లో పలికే దంత్య చకారం. ‘ౘ’ వాడితే తీరిపోతుంది: వాౘ్‌లఫ్. చివరి వకారం ఫకారంగా పలుకుతుంది. వెనక అచ్చు చేరితే మళ్లీ వకారమే, అందుకే పిలుపులో ‘వాౘ్‌లవె’. నొక్కు ఎప్పుడూ మొదటి అక్షరం మీదే, దీర్ఘం ఎక్కడున్నా సరే.

నుడికారి:
ఉచ్చారణ పాఠం ఎవరడిగారు? దేవుడికి స్లావిక్‌లో ఉన్న ‘బొగ్’ అన్న మాటే ఇరానియన్ అరువన్న వాదన గట్టిగా ఉంది. అంటే మీ బొహ్‌దన్‌లో సగం అరువే కావచ్చు. బొహుమిల్ అయితే గ్రీకు థియోఫిలోస్‌కి నకలులా ఉంది.

పాతఅక్షరం:
నకలైనా ముక్కలు స్లావిక్‌వే. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసిన పాత చర్చి పుస్తకాలు చూసేవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. లాటిన్, జర్మన్ రాతలో బొహుమిల్ కాస్తా థియోఫిలుస్, గాట్‌లీబ్ అవుతాడు. అక్కడ అర్థమైనా కలుస్తుంది. వొయ్‌త్యెఖ్‌ని అడాల్‌బెర్ట్ అని రాశారు, రెంటికీ అర్థంలో పొంతనే లేదు. ఒకటి సైన్యానికి ఆనందం, రెండోది కులీనుడు, ప్రకాశవంతుడు. 997లో చనిపోయిన ప్రాగ్ బిషప్ వొయ్‌త్యెఖ్ దృఢీకరణప్పుడు (బాప్తిస్మాన్ని స్థిరపరిచే చర్చి సంస్కారం) తన గురువు పేరు పెట్టుకున్నాడు, అప్పట్నుంచి జత కుదిరింది. కాబట్టి పుస్తకంలో అడాల్‌బెర్ట్ కనబడితే ఇంట్లో వొయ్‌త్యెఖ్ అని పిలిచి ఉంటారనుకోవాలి.

ఖమ్మం_కుర్రోడు:
ఆడవాళ్లకి చివర ‘ఓవా’ తప్పనిసరా?

గోదారిగట్టు:
అది ఇంటిపేరు సంగతి. 2022 జనవరి 1 నుంచి కారణం చెప్పకుండానే వద్దనుకోవచ్చు.

నుడికారి:
మీరు చేస్తున్నది చెక్ భాషనీ స్లావిక్ పేర్లనీ మళ్లీ పైకి తెచ్చిన 19వ శతాబ్దపు పునరుజ్జీవనవాదుల పనే. బార్బొరాగా బాప్తిస్మం పొందిన రచయిత్రి బొజెనా న్యెమ్‌త్సొవా అయింది ఆ ఊపులోనే. 1415లో సజీవంగా తగలబెట్టిన మత సంస్కర్త యాన్ హుస్‌ది హీబ్రూ పేరు. ఆయన చెక్ కాడా?

పాతఅక్షరం:
కాడని ఎవరన్నారు బాబూ? ‘స్లావిక్ ఎక్కడుంది’ అన్నది మీరు! యిర్జీలో ఉన్న ఆ ‘ర్జ్’ గ్రీకులో ఉందా? చెక్ నోట్లో రకారం మీద ఇకారం పడితే పుట్టిన ధ్వని అది. పెత్ర్‌కి విభక్తులు అంటాయి: పెత్ర, పెత్రొవి. రామకి ‘డు’ తగిలి రాముడైనట్టు. అరువు పేరు కూడా ఆ భాషదైపోతుంది.

నుడికారి:
ఇదిగో, దొరికారు. పోయిన నెల అచ్చతెలుగు పేర్ల చర్చలో ‘వెన్నెల తెలుగు, శ్రీనివాసు అరువు’ అన్నది మీరే. శ్రీనివాసుకీ మన విభక్తులే కదా అంటుతున్నాయి! పెత్ర్‌కిచ్చిన సదుపాయం అతనికెందుకివ్వరు?

పాతఅక్షరం:
అరువన్నాను. మనది కాదన్లేదు.

నుడికారి:
అన్నారు. రెండుసార్లు.

గోదారిగట్టు:
అదీ సంగతి. పాపం చెక్‌వాళ్లకి తెలీదు వాళ్ల పేర్ల మీద ఈ కొట్లాటని.

ఖమ్మం_కుర్రోడు:
ఇంతకీ యిర్జీని ఏమని పిలవాలి?

పాతఅక్షరం:
యిర్జీ అనే, మారదు. పెత్ర్ అయితే ‘పెత్ర్షె’. తకారం పక్కన పడి ‘ర్జ్’ కాస్తా ‘ర్ష్’ అవుతుంది.