జాకబ్ ఓల్ 1814లో దేశం వైపా, తన వ్యాపారం వైపా?

కొలిమి: నార్వే చరిత్ర చదువుతూ ఈయన దగ్గర ఆగిపోయాను. నేస్ ఇనుప కర్మాగారం యజమాని. 1814 జనవరిలో కీల్ ఒప్పందంతో డెన్మార్క్ రాజు నార్వేని స్వీడన్‌కి అప్పజెప్పాడు. నార్వే వాళ్లు ఒప్పుకోక, ఐడ్స్‌వోల్‌లో 112 మంది కూర్చుని సొంత రాజ్యాంగం రాసుకున్నారు. ఆ సభలో ఉండి కూడా ఓల్ 'స్వీడన్‌తో కలవడమే మేలు' అన్న వర్గంలో చేరాడు. ఇది వ్యాపారి బుద్ధే.

పాతపుస్తకం: ఏ వ్యాపారం అండీ? అప్పటిదాకా డెన్మార్క్ మార్కెట్ నార్వే ఇనుముదే. స్వతంత్ర పక్షం రాజుగా నిలబెట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ డెన్మార్క్ సింహాసనానికి వారసుడు. ఇనుము అమ్ముకోవాలనుకుంటే ఓల్ అటే ఉండేవాడు.

కొలిమి: ఇనుము ఒక్కటేనా? ఆ కుటుంబానికి కలప, ఓడలు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్ స్వీడన్ వైపు ఉంది కదా, స్వీడన్‌తో కలిసి ఇంగ్లండ్‌తో గొడవ పోతే లాభం వాళ్లకే.

గోదారిగట్టు: ఆయన అన్న నీల్స్ ఓల్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ ప్రభుత్వంలోనే ఉన్నాడుగా. మోస్ పట్టణంలో నార్వే తరఫున స్వీడన్‌తో సంధి మాట్లాడిన ఇద్దరిలో ఆయనొకడు. ఒక ఇంట్లోనే రెండు పక్షాలు.

పాతపుస్తకం: కొలిమి గారూ, ఓడలు పక్కన పెట్టి తిండి సంగతి చూడండి. 1807 తర్వాత ఇంగ్లండ్ నౌకలు అడ్డుపడి డెన్మార్క్ ధాన్యం రాలేదు. 1812లో పంట పోయింది. జనం పైన్ చెట్టు లోపలి బెరడు ఒలిచి, ఎండబెట్టి, దంచి పిండిలో కలుపుకుని రొట్టె కాల్చుకున్నారు. ఇంగ్లండ్ స్వీడన్ వెనక నిలబడ్డాక యుద్ధం అంటే మళ్లీ అదే రొట్టె.

కొలిమి: 'మీ మంచికే' అనే మాట నాకు బాగా తెలుసు. మా నాన్న పనిచేసిన మిల్లు యజమాని ఎమ్మెల్యే అయ్యాక, ఆ మాట చెప్పి మరీ మిల్లు మూసేశాడు. నాన్న పీఎఫ్ డబ్బు ఇప్పటికీ చేతికి రాలేదు.

పాతపుస్తకం: మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. దానికి ఓల్‌ని బోనెక్కిస్తే ఎలా?

కొలిమి: బోనెక్కిస్తాను! ఆ ఫిబ్రవరిలో జనం చర్చిల్లో నిలబడి స్వాతంత్ర్యాన్ని కాపాడతామని ప్రమాణం చేశారు. బెరడు రొట్టె తిన్నది కూడా వాళ్లే. తిన్నవాళ్లే తెగించాక, వాళ్ల ఆకలి లెక్క యజమాని వేయడమేంటి?

మంజీర: అసలు గొడవ ఇప్పుడు బయటపడింది.

పాతపుస్తకం: యుద్ధం జులై చివర మొదలై ఆగస్టు 14కి ఆగింది. నవంబర్‌లో స్వీడన్‌తో కలవాల్సే వచ్చింది, 1905 దాకా. ఓల్ ముందే చెప్పింది అదే.

కొలిమి: రాజ్యాంగం చేతిలో పెట్టుకుని పోరాడారు కాబట్టే స్వీడన్ దాన్ని ఒప్పుకుంది. ఓల్ మాట వినుంటే ఏం చేతికొచ్చేది? సూటిగా అడుగుతున్నా. మీ ఊరివాళ్లు ప్రమాణం చేసి పంపితే, మీరు సభలో అడ్డం తిరుగుతారా?

పాతపుస్తకం: తిరుగుతాను. వచ్చాక వాళ్ల ముందు నిలబడి ఎందుకో కూడా చెప్తాను.

కొలిమి: మా మిల్లు యజమాని ఆ రెండో పని ఎప్పుడూ చేయలేదు.