లండన్ మురుగు కాలువలే కలరాను ఆపితే, హాంబర్గ్‌లో ఏం జరిగింది?

చరిత్ర విద్యార్థిని:
1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక బ్రిటిష్ పార్లమెంటు ఆగమేఘాల మీద చట్టం చేసిందనీ, ఇంజినీరు జోసెఫ్ బాజల్జెట్ కట్టించిన మురుగు కాలువలతో లండన్‌కు కలరా బెడద తీరిందనీ చదివాను. జర్మనీలోని హాంబర్గ్‌లో అంతకు ముందే, 1842 అగ్నిప్రమాదం తర్వాత, ఇంజినీరు విలియం లిండ్లీ మురుగు కాలువలు వేయించారు. అయినా 1892లో అక్కడ కలరాకు 8 వేల మందికి పైగా ఎందుకు బలయ్యారు?

విశ్రాంత ఇంజినీరు:
మంచి ప్రశ్న అడిగారమ్మా. కాలువ మురుగును ఇంటి నుంచి దూరంగా తీసుకుపోతుంది, అంతవరకే దాని పని. తాగునీటి సంగతి వేరే చూసుకోవాలి. హాంబర్గ్ ఎల్బే నది నీటిని వడకట్టకుండానే ఇళ్లకు పంపింది. పక్కనే ఉన్న ఆల్టోనా ఇంకా దిగువన, హాంబర్గ్ మురుగు కలిసిన నీటినే తోడుకునేది. కానీ ఇసుక పొరల్లో వడకట్టేది. అక్కడ జబ్బు చాలా తక్కువ. ఈ తేడాను సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ ఎత్తిచూపారు.

లండన్‌లోనూ 1866లో తూర్పు ప్రాంతంలో 5 వేల మందికి పైగా చనిపోయారు. అక్కడ బాజల్జెట్ పనులు ఇంకా పూర్తి కాలేదు, పైగా కుళాయిల్లోకి వడకట్టని నీరు చేరింది. కలరా నీటి ద్వారానే వస్తుందని వాదించిన వైద్యుడు జాన్ స్నో, ఆ 1858 వేసవిలోనే కన్నుమూశారు. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సందేహాల రావు:
ఆ కాలువల్లో చాలావాటిని గుడ్డు ఆకారంలో కట్టారట. ఎందుకండీ?

విశ్రాంత ఇంజినీరు:
సన్నని కొన కిందికి ఉంటుంది రావుగారూ. వాన లేని రోజుల్లో పారేది కొద్దిపాటి మురుగే. వెడల్పాటి అడుగులో అది పలుచగా పరుచుకుని మందగిస్తుంది, పూడిక పేరుకుంటుంది. ఇరుకు అడుగులో లోతుగా, వేగంగా పారి మట్టిని తోసుకుపోతుంది. నా ఉద్యోగంలో వాలు లెక్కల మీద పట్టుబట్టింది ఇందుకే. పూడిక తీయాలంటూ విషవాయువున్న గొయ్యిలోకి మనిషిని దించడం ఘోరం. గీత గీసే దశలోనే ఆ అవసరం రాకుండా చూడాలి.

చరిత్ర విద్యార్థిని:
మరి లండన్ మురుగు చివరికి ఎక్కడికి పోయేది?

విశ్రాంత ఇంజినీరు:
నగరానికి తూర్పున బెక్టన్, క్రాస్‌నెస్ దగ్గర, శుద్ధి లేకుండా థేమ్స్‌లోకే. 1878లో 'ప్రిన్సెస్ ఆలిస్' అనే ఓడ ఆ దాపునే మునిగి 600 మందికి పైగా చనిపోయారు. ఆ నీటి కాలుష్యంపై పెద్ద గొడవే అయింది. గాలి ఊది సూక్ష్మజీవులతో మురుగును శుభ్రపరిచే పద్ధతిని ఆర్డెర్న్, లాకెట్ 1914లో మాంచెస్టర్‌లో చూపించారు. దాని గురించి విడిగా రాస్తాను.