కానన్ లా పుస్తకంలో కుందేళ్ల కోర్టు: ఎగతాళా, అలంకారమా?

పాతపుటలు:
కుందేలు విల్లు ఎక్కుపెట్టి వేటగాణ్ణి కొట్టే పాత బొమ్మ ఒకటి ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. నవ్వుకుని ఫార్వర్డ్ చేసేస్తాం. అది ఉన్నది ఒక చట్టం పుస్తకంలో. పేరు స్మిత్‌ఫీల్డ్ డిక్రెటల్స్, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పోప్ తొమ్మిదో గ్రెగరీ పురమాయిస్తే రేమండ్ ఆఫ్ పెన్యాఫోర్ట్ కూర్చిన చర్చి చట్టాల (అదే కానన్ లా) సంకలనానికి అదొక చేతిరాత ప్రతి. సంకలనం వెలువడింది 1234లో. అయిదు భాగాలు: న్యాయాధికారి, విచారణ, గురువులు (అంటే చర్చి ఫాదర్లు), పెళ్లి, నేరం.

పుట చూడనివాళ్ల కోసం: మధ్యలో రెండు వరుసల్లో మూలం. దాన్ని చుట్టేసి, ఇంకా చిన్న అక్షరాల్లో పార్మా బెర్నార్డ్ టీక. ఆ టీక కింద మిగిలిన జాగాలో బొమ్మలు. 59వ ఆకు నుంచి 64 దాకా తిప్పుతూ పోతే కథ నడుస్తుంది. కుందేళ్లు వేటగాణ్ణి పట్టుకుంటాయి, కట్టేస్తాయి, కుందేలు జడ్జి ముందు నిలబెడతాయి, ఈడ్చుకెళ్లి తల నరుకుతాయి. ఆ తర్వాత వేటకుక్క వంతు. దానికీ విచారణ ఉంది, దాన్నీ బండెక్కించి తీసుకెళ్లి ఉరి తీస్తాయి.

దీన్ని చూసి చట్టాన్ని వెక్కిరించారని కొందరంటారు. పనీపాటా లేని అలంకారమని కొందరంటారు. నాకు రెండూ నచ్చవు. గురువులు చేయకూడదని ఈ పుస్తకమే చెప్పిన పనులు ఏమిటో చూడండి. అయిదో భాగంలో వేటాడే గురువు మీద ప్రత్యేకంగా ఒక శీర్షికే ఉంది. 1215లో రోమ్‌లో చర్చి పెద్దలు కూడిన నాలుగో లాటరన్ మహాసభ గురువులకు వేట, పాచికలు, సారాకొట్లు, విదూషకుల ఆటలు వద్దంది. ఆ నిబంధనలు ఈ సంకలనంలోకీ ఎక్కాయి. మరి పుట అడుగున ఏమున్నాయి? వేట ఉంది, ఆటగాళ్లున్నారు, సారాకొట్టులో తాగి పాడైపోయి చివరికి పశ్చాత్తాపపడ్డ సన్యాసి కథ ఉంది. పైన నిషేధం, కింద మనసు లాగే సరుకు. చదివే గురువుకు తన కోరికలే కనపడేలా చేశారని నా వాదన. మీరేమంటారు?

కోర్టుపక్షి:
వాదన వినడానికి బాగుంది కానీ సాక్ష్యం నిలబడదండీ. ఈ ప్రతి రాత పని 1300 ప్రాంతంలో దక్షిణ ఫ్రాన్స్‌లో జరిగింది, తూలూజ్ అంటారు. అడుగు బొమ్మలు లండన్‌లో, 1340 ప్రాంతంలో వేశారు. మధ్యలో దాదాపు నలభై ఏళ్లు, ఓ సముద్రం. రాసినవాడికి ఈ కుందేళ్ల సంగతే తెలియదు. వేసినవాళ్లు డబ్బులకు పనిచేసే చిత్రకారులు. ఆ గొలుసుకట్టు లాటిన్, అందులోనూ కుదించి రాసిన చట్టం లాటిన్ చదివి మరీ బొమ్మలు వేశారంటారా?

ఇంకో సంగతి. మీరు చెప్పిన వేట శీర్షిక అయిదో భాగంలో, అంటే పుస్తకం చివర్లో ఉంది. కుందేళ్లేమో మొదట్లోనే వచ్చేశాయి. ఒకే పుట మీద రెండూ ఉంటే నోరు మూసుకునేవాణ్ణి.

అన్నిటికంటే పెద్ద చిక్కు, ఇవే తరహా బొమ్మలు ప్రార్థన పుస్తకాల్లో కూడా ఉన్నాయి. గోర్ల్‌స్టన్ సాల్టర్ అనే కీర్తనల పుస్తకంలో కుందేళ్లు శవయాత్ర చేస్తాయి. అలాంటి ఇంకో పుస్తకంలో కవచం తొడుక్కున్న వీరుడు నత్తను చూసి వణుకుతాడు. దావీదు కీర్తనల కింద ఏ చట్టాన్ని గుర్తు చేస్తున్నట్టు? ఆ కాలంలో ఇంగ్లండ్ డబ్బున్నవాళ్లకు అంచు బొమ్మలంటే మోజు. చట్టం పుస్తకానికీ అదే మోజు అంటింది, అంతే.

నత్తగుల్ల:
నత్త ఎందుకు భయపెడుతుందో ఎవరైనా చెబుతారా? ఈ పేరు పెట్టుకున్న పాపానికి అడుగుతున్నా.

కోర్టుపక్షి:
అది వేరే థ్రెడ్ పెట్టండి సార్, ఇక్కడ మొదలుపెడితే ఈ జన్మకు తేలదు.

ఫిరంగిపురం_అమ్మాయి:
మీరిద్దరూ పుట అడుగునే కొట్టుకుంటున్నారు. కానన్ లా పుస్తకాల్లో నిజంగా పనిచేసే బొమ్మ ఇంకొకటుంది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. బంధుత్వ వృక్షం.

పుటంతా నిండిపోయే బొమ్మ. వెనక ఒక గడ్డం మనిషి నిలబడి ఉంటాడు, కొన్ని ప్రతుల్లో కిరీటం కూడా ఉంటుంది. అతని ఒంటి మీదుగా గుండ్రటి గళ్లు. నడిమధ్యన పెళ్లి చేసుకోబోయే మనిషి. పైకి వెళితే తండ్రి, తాత, ముత్తాత. కిందికి కొడుకు, మనవడు. పక్కలకు అన్నదమ్ములు, మేనత్తలు, బాబాయిలు, వాళ్ల పిల్లలు. గడిగడికీ ఎన్నో మెట్టో రాసి ఉంటుంది. ఎవరిని చేసుకోవచ్చో ఎవరిని చేసుకోకూడదో వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు. 1215కి ముందు నిషేధం ఏడో మెట్టు దాకా ఉండేది. ఆ మహాసభే దాన్ని నాలుగుకు తగ్గించింది. చట్టం మారింది, చెట్టు కొమ్మలూ తగ్గాయి. ఇలాంటి బొమ్మను అలంకారం అంటారా?

మా ఊళ్లో ఇది పాత సంగతి కాదు. మేనరికం అంటే ఇప్పటికీ విచారణ గురువు గారు (మా చర్చి ఫాదర్) ముందు బంధుత్వం ఎంత దగ్గరో కాగితం మీద గీసి చూస్తారు. తర్వాత బిషప్ గారి దగ్గర డిస్పెన్సేషన్, అంటే మినహాయింపు, తెచ్చుకోవాలి. 1983 నాటి చర్చి చట్టం కోడ్‌లో పక్క బంధుత్వం నాలుగో మెట్టు దాకా అడ్డు. మేనమామను చేసుకోవడం మూడో మెట్టు, మేనమామ కొడుకును చేసుకోవడం నాలుగో మెట్టు. (పాత పుస్తకాల లెక్క వేరు, అందులో మేనమామ కొడుకు రెండో మెట్టే.) నాకు చిన్నప్పటి నుంచి మింగుడుపడనిది ఒకటే. ఆ చెట్టులో మేనమామ కొడుకూ పెదనాన్న కొడుకూ ఒకే మెట్టు మీద ఉంటారు. ఒకడు మనకు వరసైనవాడు, ఇంకొకడు తోడబుట్టినవాడితో సమానం. చెట్టుకు ఆ తేడా తెలియదు. మా నాయనమ్మకు ఎవరు చెప్పినా ఒప్పుకునేది కాదు.

పెళ్లికి ముందు ఆదివారం పూజలో ప్రకటనలు చదువుతారు చూశారూ, అభ్యంతరం ఉంటే చెప్పమని? దాన్ని అంతటా తప్పనిసరి చేసిందీ 1215 సభే.

రంగులడబ్బా:
అక్క చెప్పింది నిజం. ఇంకో రకం బొమ్మలు కూడా కలపాలి. గ్రేషియన్ 1140 ప్రాంతంలో బొలోనియాలో కూర్చిన డెక్రెటమ్ అనే చర్చి చట్టాల పుస్తకంలో 36 కేసులుంటాయి, అన్నీ కల్పించినవే, లా కాలేజీ పరీక్షలో ఇచ్చినట్టు. బొమ్మలున్న ప్రతుల్లో ప్రతి కేసు మొదట్లో చట్రం కట్టిన చిన్న చిత్రం ఉంటుంది. మొదటి కేసు: ఒకాయన కొడుకును బాగా ఆస్తిపాస్తులున్న మఠంలో చేర్పించబోతే మఠం పెద్దలు పది పౌండ్లు అడుగుతారు, ఆయన ఇస్తాడు. పిల్లాడికి ఏమీ తెలియదు. చిత్రంలో తండ్రి, పిల్లాడు, డబ్బు, మఠాధిపతి. లంచం ఇచ్చి పదవి కొనడం మీద చర్చ మొత్తం ఆ ఒక్క గదిలో నిలబెట్టేస్తాడు చిత్రకారుడు. 33వ కేసులో చేతబడి వల్ల భర్త పనికిరాకుండా పోతే భార్య ఇంకొకణ్ణి చేసుకుంటుంది, తర్వాత మొదటివాడికి నయమవుతుంది. (సీరియల్ వాళ్లకు చెప్పకండి.) విద్యార్థి వెతుక్కునేటప్పుడు ఆ బొమ్మే గుర్తు.

అంటే చట్రం లోపలి బొమ్మ మూలానికి కట్టుబడి ఉంటుంది. చట్రం బయటిది ఉండదు. ఆ లెక్కన నేను మన వకీలు కోర్టుపక్షి గారి వైపే. కానీ పాతపుటలు గారూ, స్మిత్‌ఫీల్డ్ ప్రతిలోనే నక్క బిషప్ టోపీ పెట్టుకుని, దండం పట్టుకుని పక్షులకు ప్రసంగం చేస్తుంటుంది. దాన్ని కూడా గురువుల కోరికల ఖాతాలో వేస్తారా? నాకైతే అది సూటిగా బిషప్‌ల మీద వేసిన సెటైర్.

పాతపుటలు:
ఒక్కొక్కటిగా చెబుతాను.

చిత్రకారుడికి లాటిన్ రాకపోవచ్చు. డబ్బిచ్చినవాడికి వచ్చు కదా. ఈ ప్రతిలో బటాయిల్ వంశం ముద్ర ఉంది. జాన్ బటాయిల్ అనే ఆయన లండన్ స్మిత్‌ఫీల్డ్‌లోని సెయింట్ బార్తలోమ్యూ మఠంలో కానన్, అంటే అక్కడి గురువుల్లో ఒకడు. వేయించింది ఆయనే అయితే, ఏ పుస్తకానికి వేయిస్తున్నాడో ఆయనకు తెలిసే ఉంటుంది. ఖాళీ అంచులతో కొన్న పుస్తకం మీద 600కు పైగా అడుగు బొమ్మలు వేయించడం చిల్లర ఖర్చు కాదు.

ఇక ఆ మఠం ఎక్కడుందో చూడండి. 1123లో రాహేర్ అనే ఆయన కట్టించాడు, పక్కనే ఆసుపత్రి. ముందు పెద్ద మైదానం, పశువుల సంత, ఏటేటా జాతర. ఆ మైదానంలోనే మరణశిక్షలు అమలుచేసేవాళ్లు. ఇంగ్లండ్ రాజుకు ఎదురుతిరిగిన స్కాట్లండ్ వీరుడు విలియం వాలెస్‌ను 1305లో గుర్రాలకు కట్టి ఈడ్చుకొచ్చి చంపింది అక్కడే. వేటగాణ్ణి ఈడ్చుకెళ్లడం, కుక్కను బండెక్కించడం ఆ మఠంలో చదువుకునేవాళ్లకు కట్టుకథ కాదు, వాకిట్లో జరిగేదే. పైగా చర్చి కోర్టు నెత్తుటి శిక్ష వేయకూడదు, అదీ 1215 నిబంధనే. అందుకే కుందేలు జడ్జి చర్చి జడ్జి కాడు. వెక్కిరింపు ఉంటే అది రాజు కోర్టు మీద, ఈ పుస్తకం మీద కాదు.

నక్క బిషప్ అంటారా, దొంగ బిషప్‌లను ఈ పుస్తకమే చివరి భాగంలో వరసపెట్టి తిడుతుంది. పదవులు అమ్ముకున్నవాళ్ల మీద పెద్ద శీర్షికే ఉంది. దొంగను తిట్టడం చట్టాన్ని తిట్టడం కాదు.

కోర్టుపక్షి:
మీరు వాదన మార్చేశారు, రికార్డులో నమోదు చేసుకోండి. మొదట గురువు కోరికలన్నారు. ఇప్పుడేమో వాకిట్లో ఉరికంబం, రాజు కోర్టు అంటున్నారు. రెండోదే నాకు ఎక్కువ నచ్చింది, నిజంగా. కానీ దానికి కానన్ లాతో పనిలేదు. అదే మఠంలో కీర్తనల పుస్తకానికి వేసినా అవే ఉరులు పడేవి.

ఆ కాలం మనిషి సాక్ష్యం కావాలంటే ఉంది. క్లెర్‌వో మఠాధిపతి బెర్నార్డ్ (టీక రాసిన బెర్నార్డ్ కాదు) 1125 ప్రాంతంలోనే మఠం వరండా స్తంభాల మీద చెక్కిన వింత జంతువులను చూసి మండిపడ్డాడు. చదువుకోవాల్సిన సన్యాసులు రోజంతా వాటిని చూస్తూ కూర్చుంటారని ఆయన బాధ. ఆయన మాట్లాడింది రాళ్ల గురించే, ఒప్పుకుంటాను. అయినా అంత చదివినాయన వాటిలో లోపలి అర్థం వెతకలేదు, దృష్టి చెడుతుందనే అన్నాడు.

ఫిరంగిపురం_అమ్మాయి:
దృష్టి చెడుతుందన్నాడంటే అవి మనసు లాగుతున్నాయనేగా సార్. పాతపుటలు గారు మొదట చెప్పిందీ అదే.

రంగులడబ్బా:
😀 వకీలు గారి సాక్షి ఎదురు తిరిగాడు.

కోర్టుపక్షి:
మనసు లాగడం వేరు, లాగడానికే ఆలోచించి అక్కడ పెట్టడం వేరు అమ్మా. సరే, తేలే దారి ఒకటి చెబుతాను. 59 నుంచి 64 దాకా ప్రతి ఆకు మీద పైన ఏ శీర్షిక నడుస్తోందో రాసి పెట్టండి. ఆ తర్వాత తాగుబోతు సన్యాసి కథ పుటలకూ అలాగే. రెండు చోట్లా మూలానికీ బొమ్మకూ పొత్తు కుదిరితే నేను ఒప్పుకుంటాను. ఒకచోట కుదిరి ఇంకోచోట కుదరకపోతే మాత్రం కాకతాళీయం అంటాను, ముందే చెబుతున్నా.

పాతపుటలు:
సన్యాసి పుటలతో మొదలుపెడతాను. అక్కడ పైన గురువుల నడవడిక మీద ఏమైనా ఉందేమో చూడాలి. టీక కూడా చదవాలి, మూలం ఒక్కటే చూస్తే చాలదు. ఆ కుదింపు అక్షరాలు విప్పడం వచ్చినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చేయి వేయండి.

నత్తగుల్ల:
నత్త థ్రెడ్ పెట్టాను. వకీలు గారు రావాలి.