బాపు నడుం నొప్పికి గోలీలు బంద్ చేయమన్నరు, ఆక్యుపంక్చర్ సూదులతోని తగ్గుతదా?

కొత్తవాడ పిలగాడు:
అందరికీ నమస్తే. మా బాపు కొత్తవాడల నలభై ఏండ్లు గుంట మగ్గం మీద జంపఖానాలు నేసిండు, ఇప్పుడు 66 ఏండ్లు. నడుం నొప్పి పదేండ్ల సంది ఉన్నది, మెడికల్ షాపుల అడిగి రోజుకు రెండు నొప్పి గోలీలు ఏసుకునుడే, మేం ఎంత చెప్పినా ఇనలే. పోయిన నెల రక్తపరీక్ష చేపిస్తే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9 వచ్చింది, ఎక్కువున్నదట, డాక్టర్ సారు ఇంక ఆ గోలీ ముట్టొద్దన్నడు. బంద్ చేసినం గని రాత్రంత పక్క మీద పొర్లుడే, పొద్దుగాల గోడ పట్టుకొని లేస్తాండు, చూస్తే నాకు ఏడుపొస్తాంది. హన్మకొండల ఒకాయన ఆక్యుపంక్చర్ చేస్తడట, మందు లేకుంట తగ్గుతది అంటాండ్రు, పది సిట్టింగులట. చేపిచ్చుకున్నోళ్ళు ఉంటే నిజం చెప్పుర్రి, పైసలు పోతే పోనియ్ గని బాపుకు ఇంకో నష్టం కావద్దు.

పరకాల అక్క:
తమ్మీ, మా అమ్మకు మోకాళ్ళకు చేపిచ్చినం. సూది అంటే ఇంజెక్షన్ అనుకొని మస్తు భయపడ్డది గని అది వెంట్రుక లెక్క సన్నగ ఉంటది, అండ్ల మందేం ఉండదు, గుచ్చి అరగంట పండవెడ్తరు. గుచ్చినకాడ బరువుగ, జివ్వుమన్నట్టు అయితదన్నది, అంతే. మొదటి రెండుసార్లు ఏం తెల్వలే, ఐదోసారికి రాత్రి నిద్ర పట్టింది, నాకు అదే పెద్ద సంతోషం. నొప్పి మొత్తం పోయిందని మాత్రం చెప్ప, సగానికి వచ్చింది. అప్పుడే తొడల ఎక్సర్‌సైజులు గూడ రోజూ చేసింది, దేంతోని ఎంత తగ్గిందో నేనెట్ల చెప్పాలె.

కాజీపేట ఫిజియో:
నేను ఫిజియోథెరపిస్టుని, సూదులు గుచ్చను, తెలిసింది చెప్తా. జర్మనీలో పాత నడుం నొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేసి చూసి 2007లో ఫలితం చెప్పారు. ఆరు నెలలకి ఆక్యుపంక్చర్‌లో చెప్పే సరైన పాయింట్లలో గుచ్చినవాళ్ళలో 47.6 శాతం మందికి, పాయింట్లు కాని చోట పైపైన గుచ్చినవాళ్ళలో 44.2 శాతం మందికి, మందులు, ఎక్సర్‌సైజులతో మామూలు వైద్యం చేసినవాళ్ళలో 27.4 శాతం మందికి గుణం కనిపించింది. అంటే సూదులతో ఉపశమనం ఉంది, కానీ ఫలానా పాయింటులోనే గుచ్చాలి అన్నదానికి బలం తక్కువ. బ్రిటన్‌లో 2016లో నడుం నొప్పికి ఇది వద్దన్నారు, కారణం దొరకని దీర్ఘకాల నొప్పులకి ప్రయత్నించొచ్చని అక్కడే 2021లో అన్నారు. అమెరికాలో పెద్దవాళ్ళ ప్రభుత్వ బీమా 2020 నుంచి పాత నడుం నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగులకి డబ్బులిస్తుంది, గుణం లేకపోతే ఆపేయాలి. మీరూ అట్లనే అనుకోండి, ఆరేడు సిట్టింగులకి ఏం తేడా లేకపోతే ఇంకో ప్యాకేజీ కట్టకండి. నడక, నడుం ఎక్సర్‌సైజులు మాత్రం మానొద్దు.

నర్సంపేట మెడికల్:
పద్నాలుగేండ్ల సంది మందుల షాపుల పనిచేస్తాన. డైక్లోఫెనాక్ అసొంటి నొప్పి గోలీలు కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తయ్, అండ్ల బీపీ గోలీలు గూడ ఏసుకునేటోళ్ళకు మరీ ప్రమాదం. మీ బాపు బీపీ, షుగర్ గోలీలు ఏసుకుంటాంటే అవి మాత్రం సూదులాయన చెప్పిండని ఆపకుర్రి, మందు లేని వైద్యమంటే అన్ని మందులు బంద్ అని కాదు, మా ఊర్ల ఒక పెద్దమనిషి గట్లనే ఆపి పక్షవాతంతోని మంచాన పడ్డడు. రక్తం పల్చగయ్యే మందు వాడితే ముందే చెప్పాలె, గుండెకు పేస్‌మేకర్ ఉంటే కరెంటు పెట్టే సూదులు వద్దు. సూది ప్యాకెట్ మీ కండ్ల ముందల చింపాలె, ఒకసారి వాడి పారేసేదే ఉండాలె. ఇంకోటి, కాలు మొద్దుబారుడు, పాదం బలం తగ్గుడు ఉంటే ముందు డాక్టర్‌కు చూపియ్యుర్రి. మూత్రం మీద అదుపు తప్పితే మాత్రం అదే రోజు దవాఖానకు ఉరకాలె, సూదుల ముచ్చట తర్వాత.

కొత్తవాడ పిలగాడు:
అందరికీ దండాలు. మెడికల్ అన్న రాసింది చదివి బాపును అడిగిన, ఎడమ కాలు బొటనవేలు కాడ ఆర్నెల్ల సంది మొద్దుబారుతాందట, గోలీ ఏసుకుంటే పోతదని ఇన్నొద్దులు చెప్పలే. సోమవారం ఎముకల డాక్టర్‌కు చూపిస్త, ఎంఆర్ఐ అంటే తీపిస్త, ఆయన సరే అంటేనే సూదులు. అక్కా, మీ అమ్మకు సూది ప్యాకెట్లు మీ ముందే చింపిండ్రా?