కలబురగి కోటలోని జామా మసీదులో ఏం గమనించాలి?

ప్రశ్న: బహమనీల తొలి రాజధాని కలబురగి కోటలో 1367లో కట్టిన జామా మసీదును చూడబోతున్నాను. అక్కడ ప్రత్యేకంగా ఏవి గమనించాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు: ముందుగా పైకప్పును చూడండి. మసీదులలో సాధారణంగా కనిపించే ఆరుబయటి ప్రాంగణం ఇక్కడ లేదు. సుమారు 216 అడుగుల పొడవు, 176 అడుగుల వెడల్పు గల స్థలమంతటినీ కప్పివేసి, పక్కలనున్న విశాలమైన కమానుల గుండా వెలుతురు లోపలికి వచ్చేలా కట్టిన ఈ పద్ధతి మన దేశంలో చాలా అరుదు. నా దృష్టిలో దీని అసలు గొప్పతనం అదే.

రెండవ జవాబు: ఆ కమానులనూ నిదానంగా పరిశీలించండి. వాటిని మోసే స్తంభాలు పొట్టివి, కమానులు మాత్రం ఎంతో వెడల్పైనవి. మిహ్రాబ్ (ప్రార్థన దిశను సూచించే గోడలోని గూడు) ఎదుట పెద్ద గుమ్మటం, నాలుగు మూలలా మరో నాలుగు ఉన్నాయి. పడమటి గోడ మూసి ఉన్నందున తూర్పు వెలుగు లోపలికి పడే ఉదయపు వేళ వెళ్లడం మంచిది.